పాండిచ్చేరిలో మంచి కాఫీ ఎక్కడ?

కొత్త ఊరికి ప్రయాణం కట్టేటప్పుడు కొందరు గుళ్లెక్కడున్నాయని అడుగుతారు. కొందరు చీరల కొట్ల సంగతి వాకబు చేస్తారు. నాబోటివాళ్లు ముందడిగేది, "పొద్దున్నే కాఫీ ఎక్కడ బావుంటుందండీ?" అని. దీన్లో సిగ్గుపడవలసిందేమీ లేదు. పొద్దుటి కాఫీ సరిగ్గా పడకపోతే ఎంత గొప్ప గాలిగోపురాన్నయినా తలనొప్పితోనే చూడాలి. ఈ సంగతి మీలో సగంమందికి నేను చెప్పక్కర్లేదు.

సముద్రపు ఒడ్డు ఊళ్లలో కాఫీకి ఓ చిక్కుంది. నీళ్లు! నుయ్యి అయినా బోరయినా ఆ ఉప్పదనం ఎక్కడో నాలిక్కి తగుల్తూనే వుంటుంది. డికాక్షన్ ఎంత చిక్కగా దిగినా దాన్ని దాచలేదు. అందుచేత ఒడ్డునున్న ఊళ్లో మంచి కాఫీ దొరికిందీ అంటే, ఎవరో దానికోసం ప్రత్యేకంగా శ్రమపడ్డారన్నమాట. పాండిచ్చేరిలో ఆ శ్రమ ఎవరిదో వెతుకుదామని బయల్దేరి నేను చరిత్రలో పడ్డాను.

తోడు మా యానాం పిన్ని. యానాం కాకినాడ పక్కనే వున్నా, పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి పాండిచ్చేరిది. ఫ్రెంచివాళ్లు వేసిన ముడి అది. 1954లో వాళ్ల జెండా దిగిపోయాక కూడా ఆ ముడి అలాగే వుండిపోయింది. మా బాబాయి పాండిచ్చేరి ప్రభుత్వ ఉద్యోగిగా యానాంలోనే పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక ఫేమిలీ పెన్షన్ కాగితాల్లో పిన్ని పేరు ఒక చోట ఒకలాగా, ఇంకోచోట ఇంకోలాగా పడింది. ఆ తేడా సరిచేయించుకోవడానికి ఆవిడ అప్పటికే మూడుసార్లు ఓ ఆఫీసు మెట్లెక్కింది. నాలుగోసారి నేనూ వెళ్లాను. కాబట్టి మా కాఫీ అన్వేషణంతా ఆ ఆఫీసువాళ్లు "రేపు రండి" అన్న రోజుల్లోనే జరిగింది.

పాండిచ్చేరి కాఫీ గురించి మొట్టమొదట చెప్పుకోవలసింది రుచి సంగతి కాదు, యుద్ధం సంగతి.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కాఫీ గింజలకి లోకమంతా యెమెన్ దేశం వైపే చూసేది. ఎర్రసముద్రపు ఒడ్డున వున్న మోఖా రేవు ఆ వ్యాపారానికి సింహద్వారం. పారిస్‌లో 1686లోనే ప్రొకోప్ అనే కాఫీశాల వెలిసింది. అక్కడి పెద్దమనుషులకి కాఫీ లేనిదే కబుర్లు సాగని రోజులొచ్చాయి. పాండిచ్చేరి ఫ్రెంచి కంపెనీకి ఇండియాలో ముఖ్య పట్టణం. అక్కణ్ణించి ఓడలు మోఖాకి వెళ్లేవి. మన కోరమాండల్ తీరపు నేతబట్టలకి అక్కడ మంచి గిరాకీ. తిరిగి వచ్చేటప్పుడు కాఫీ గింజలు. ఆ మాటకొస్తే ఫ్రెంచివాళ్లు మా యానాంలో కొలువు పెట్టిందీ ఈ నేతబట్టల కోసమే.

బేరం బాగానే సాగేది గాని, మోఖా గవర్నరు కంపెనీ దగ్గర సరుకు తీసుకుని సొమ్ము ఇవ్వకుండా జరుపుకుంటూ వచ్చాడు. సుంకాల దగ్గరా మాట నిలబెట్టుకోలేదని కంపెనీ ఫిర్యాదు. రాయబారాలు నడిచాయి, లాభం లేకపోయింది. చివరికి 1737లో, డ్యూమా పాండిచ్చేరి గవర్నరుగా వుండగా, ఇక్కణ్ణించి యుద్ధనౌకలు వెళ్లి మోఖా మీద ఫిరంగులు పేల్చాయి. కోట పట్టుకుని, తమకి కావలసిన షరతులు ఒప్పించుకుని మరీ తిరిగొచ్చాయి.

ఈ కథ పిన్నికి ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని చెప్పాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "కాఫీ బాకీ వసూలుకి ఓడలేసుకుని వెళ్లారటే! మా పాలవాడే నయం, తలుపు కొట్టి వూరుకుంటాడు" అంది.

నిజానికి ఆ రోజుల్లో ఈ కాఫీ పాండిచ్చేరి మనుషుల వంటింట్లోకి రాలేదు. గోడౌన్లలో దిగి గోడౌన్లలోంచే ఓడలెక్కిపోయేది. ఊరంతా దాని వ్యాపారం మీద బతకొచ్చు గాని, రుచి మాత్రం తెల్లవాళ్లకి. ఆనాటి వ్యాపారుల్లో పెద్దవాడు ఆనందరంగ పిళ్లై. ఫ్రెంచి గవర్నర్లకి దుబాసీ. 1736 నించి 1761లో కన్నుమూసేదాకా ఆయన రాసిపెట్టిన దినచర్య ఇవాళ చరిత్రకారులకి పెన్నిధి. మనకి ఆయన ఇంకోలా కూడా చుట్టమే. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథాన్ని ఆయనకే అంకితమిచ్చి ఆనందరంగరాట్ఛందమని పేరు పెట్టాడు. తమిళ దేశంలో, ఫ్రెంచి కొలువులో, తెలుగు ఛందస్సు! పాండిచ్చేరి అంటే అంతే మరి. ఏది ఎక్కడ కలుస్తుందో చెప్పలేం.

మోఖా మీద ఎల్లకాలం ఆధారపడటం ఎందుకని ఫ్రెంచి కంపెనీ ఇంకో ఉపాయం కూడా చేసింది. 1715లోనే మోఖా నించి కాఫీ మొక్కలు తెప్పించి, హిందూ మహాసముద్రంలో తమ చేతికింద వున్న బుర్బోన్ దీవిలో నాటించింది. ఇవాళ ఆ దీవిని రీయూనియన్ అంటున్నారు. అరబికా కాఫీలో ఒక రకానికి ఇప్పటికీ బుర్బోన్ అన్న పేరే. తోటలు పెరిగాయి. తోటల్లో పనికి మడగాస్కర్ నించీ, తూర్పు ఆఫ్రికా నించీ బానిసల్ని పట్టుకొచ్చారు. మన తీరం నించి కూడా కొందర్ని ఓడలెక్కించారు. పారిస్ కాఫీశాలల్లో స్వేచ్ఛ, సమానత్వం అని బల్లలు గుద్ది వాదించుకున్నవాళ్ల కప్పుల్లోకి ఈ గింజలు కూడా వెళ్లాయి. చరిత్రలో నాకు కాస్త నవ్వూ, చాలా కోపమూ తెప్పించే సంగతుల్లో ఇదొకటి.

1806, 1807 సంవత్సరాల్లో వరసగా తుఫానులొచ్చి బుర్బోన్ కాఫీ తోటల నడుం విరిచేశాయి. తోటల యజమానులు కాఫీ వొదిలి చెరుకుకి తిరిగారు. చెరుక్కి ఇంకా ఎక్కువమంది మనుషులు కావాలి. అప్పుడు 1828లో ఒప్పందపు కూలీలుగా మొదటి జట్టు ఆ దీవికి వెళ్లింది. ఎక్కణ్ణించి అనుకున్నారు? మా యానాం నించి! తెలుగువాళ్లు. అక్కడివాళ్లు వాళ్లని తెలింగాలు అన్నారు. ఆ తరవాత దశాబ్దాల్లో పాండిచ్చేరి, కారైకాల్ రేవుల నించి వేలమంది ఆ దారినే పోయారు.

పిన్నికి ఇది తెలీదు. డెబ్భై ఏళ్లు యానాంలో వున్న మనిషి! స్కూల్లో ఎవరూ చెప్పలేదంది. చేతిలోని గ్లాసు అడుగున కరక్కుండా మిగిలిన పంచదార కేసి కాసేపు చూసి, "అయితే కాఫీ కోసం యుద్ధం వాళ్లది, పంచదార కోసం చాకిరీ మనదీనన్నమాట" అని గ్లాసు కింద పెట్టేసింది.

ఇక ఊళ్లోకి వద్దాం. పాండిచ్చేరిని మధ్యలో ఓ కాలవ రెండు ముక్కలు చేసింది. సముద్రం వైపుది తెల్లవాళ్ల పేట. కాలవకి ఇవతల మనవాళ్ల పేట. ఫ్రెంచివాళ్లు దాన్ని నల్ల ఊరనే అనేవాళ్లు. ఇవాళ కేఫులన్నీ దాదాపు కాలవ అవతలే. పసుపుపచ్చ సున్నం గోడలు, ఎత్తైన గుమ్మాలు, పెరట్లో బోగన్‌విలియా, చెట్టుకింద ఇనప కుర్చీలు. చూడ్డానికి కన్నుల పండువే, కాదనను. అయితే అలాంటి ఒక చోట కుర్రాడొకడు మా బల్ల తుడుస్తూ, "ఇది డూప్లే కాలం నాటి ఇల్లండీ, ఆయన ఇక్కడే కాఫీ తాగేవాడు" అన్నాడు.

ఎవరైనా మీకూ ఈ మాట చెబితే నవ్వి వూరుకోండి. డూప్లే 1754లోనే ఓడెక్కి ఫ్రాన్సు వెళ్లిపోయాడు. 1761 జనవరిలో ఇంగ్లీషువాళ్లు పాండిచ్చేరి పట్టుకున్నాక కోటా, తెల్లవాళ్ల పేటలోని భవనాలూ పడగొట్టించారు. ఫ్రెంచివాళ్లకి ఊరు తిరిగి దక్కి, మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టింది 1765లో. ఇప్పుడు మనం ముచ్చటపడి ఫొటోలు తీసుకునే ఇళ్లన్నీ ఆ తరవాతివే. మా ముందు వాళ్లు పెట్టిన కప్పు మాత్రం, పాపం, బావుంది. మిషను కాఫీ. నురగ మీద ఆకు బొమ్మ వేసి ఇచ్చారు. ధర చూసి పిన్ని కార్డు మూసేసి బోర్లించి పెట్టింది. అదే కార్డు మీద ఓ రకం కాఫీ పక్కన అరకు అని వుంది. మన విశాఖ మన్యపు గిరిజన రైతులు పండించిన గింజ. అరకు కాఫీకి 2017లో పారిస్‌లోనే కొట్టు తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఫిరంగులేమీ పేలకుండానే పారిస్ చేరిన కాఫీ అది. అందుకోసమైనా ఆ ధర ఇవ్వొచ్చనిపించింది గాని, పిన్ని ఒప్పుకోలేదు.

కాలవకి ఇవతలి కాఫీ వేరు. మన ఫిల్టరు కాఫీ ఫ్రెంచివాళ్ల ద్వారా రాలేదు. అది పడమటి కొండల మీంచి దిగొచ్చింది. బాబా బుడన్ అనే సాధువు మక్కా యాత్ర నించి వస్తూ ఏడు గింజలు రహస్యంగా తెచ్చి చిక్‌మగుళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. కథే కావచ్చు, ఆ కొండలకి మాత్రం ఇప్పటికీ ఆయన పేరే. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు ఆ చుట్టుపక్కల పెద్ద పెద్ద తోటలు వేశారు. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి పట్నవాసపు ఉద్యోగస్థుల ఇళ్లల్లో కాఫీ అడుగుపెట్టింది. ఫ్రెంచివాళ్ల చెయ్యి వుందంటే ఒక్క చికోరీలో వుంది. నెపోలియన్ 1806లో ఇంగ్లండు మీద వ్యాపార దిగ్బంధం పెట్టాక ఫ్రాన్సులో కాఫీకి కరువొచ్చి, జనం చికోరీ వేళ్లు వేయించి పొడిచేసి సరిపెట్టుకున్నారు. కరువు తీరినా నాలిక ఆ చేదుకి అలవాటు పడిపోయింది. యూరప్‌లో పుట్టిన ఆ అలవాటు కాఫీ వ్యాపారంతోబాటు ఇక్కడికీ వచ్చింది. ఇవాళ మనం పొడికొట్టులో "ఎనభై ఇరవై" అని అడుగుతున్నామంటే, ఆ ఇరవై వెనకాల నెపోలియన్ వున్నాడు.

కాఫీ ఇంట్లోకి రావడం అంత సుఖంగా జరగలేదు. తమిళ చరిత్రకారుడు ఎ.ఆర్. వెంకటాచలపతి ఈ విషయం మీద చాలా వెతికి రాశారు. 2006లో వచ్చిన ఆయన ఇంగ్లీషు పుస్తకం పేరే ఆ రోజుల్లో కాఫీ లేదని. పోయిన శతాబ్దం మొదట్లో పెద్దలకి కాఫీ అంటే ఎంత భయమో అందులో చదవాలి. చద్దన్నం తినే ఆరోగ్యం పోయిందనీ, కాఫీకి బానిసలైపోతున్నారనీ పత్రికల నిండా వాపోయారట. ఆ నింద చివరికి ఎవరి మీద పడిందో వేరే చెప్పాలా? ఆడవాళ్ల మీద! పొద్దున్నే నాలుగింటికి లేచి కుంపటి వెలిగించి అందరికీ కాఫీ కలిపేది ఆవిడే, వ్యసనపరురాలూ ఆవిడే. మా అమ్మమ్మ ఇంట్లో మొదటి డికాక్షన్ తాతయ్యకీ, చుట్టాలకీ. రెండో డికాక్షన్ పిల్లలకి. మూడోసారి నీళ్లు పోసి దింపింది ఆవిడకి. కాఫీ అసలు రుచి ఏమిటో ఆవిడకి ఎప్పుడైనా తెలిసిందా అని నాకు అనుమానమే.

హోటళ్ల సంగతి ఇంకా చిత్రం. పాండిచ్చేరి చుట్టూ వున్నది మద్రాసు రాష్ట్రం. అక్కడి కాఫీ హోటళ్ల బోర్డుల మీద బ్రాహ్మణ హోటలు అనే మాట గొప్పగా రాసుకునేవాళ్లు. కొన్నింట్లో కూర్చునే చోట్లు వేరు, కొన్నింట్లో కొందరికి ప్రవేశమే లేదు. 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో మురళీ కేఫ్ ముందు పెరియార్ అనుచరులు జట్లుజట్లుగా వచ్చి నిలబడి, ఆ మాట తీసెయ్యమని అరెస్టవుతూ ఉద్యమం నడిపారు. చివరికి బోర్డు మీంచి ఆ మాట పోయింది. కాఫీ హోటల్లో కుర్చీ అనేది అంత తేలిగ్గా వచ్చిందేమీ కాదు.

ఆడవాళ్లకి బోర్డు కూడా అక్కర్లేకపోయింది. ఎవరూ రావద్దనలేదు, ఎవరూ వెళ్లలేదు. అంతే! మన తెలుగు ఊళ్లల్లోనూ అంతేగా. కాఫీ క్లబ్బులో పేపరు చదువుకుంటూ, రాజకీయాలు మాట్లాడుకుంటూ గంటలు గడిపింది మగవాళ్లు. ఆడవాళ్లకి హోటలు కాఫీ అంటే ఫ్లాస్కులో వచ్చేదే. ఆస్పత్రిలో పురుడు పోసుకున్నప్పుడు, రైల్లో దూరప్రయాణం చేస్తున్నప్పుడు, పెళ్లి విడిదింట్లో. ఫ్లాస్కు మూతలోనే పోసుకుని, అటు తిరిగి తాగెయ్యడం. తరవాత్తరవాత ఫేమిలీ రూమని ఒకటి పెట్టారు. తెర, గుడ్డి దీపం, ఉక్కపోత. అక్కడ కూర్చున్నా పక్కన మగవాడు వుండాలి.

ఈ నేపథ్యంలో ఇండియన్ కాఫీ హౌస్ సంగతి చూడండి. 1930ల ఆర్థికమాంద్యంలో కాఫీకి విదేశాల్లో గిరాకీ పడిపోయింది. పండించిన గింజ ఎవరు తాగుతారు? మనవాళ్ల చేతే తాగించాలని కాఫీ సెస్ కమిటీ 1936లో బొంబాయి చర్చిగేట్‌లో మొదటి కాఫీ హౌస్ తెరిచింది. అవి దేశమంతా పాకాయి. తరవాత వాటిని నడిపిన కాఫీ బోర్డు 1950ల నడుమ ఇంక మూసేస్తామంది. సర్వర్లందరూ వీధిన పడబోయారు. అప్పుడు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోద్బలంతో ఆ పనివాళ్లే సహకార సంఘాలు పెట్టుకున్నారు. మొదటి సంఘం 1957 ఆగస్టులో బెంగుళూరులో. ఆ అక్టోబరులో ఢిల్లీలో వాళ్లు స్వంతంగా నడిపిన మొదటి కాఫీ హౌస్. అక్కడ మురళీ కేఫ్ ముందు బోర్డు కోసం జనం నిలబడ్డదీ, ఇక్కడ సర్వర్లు యజమానులైందీ ఒక్క సంవత్సరమే. ఎంత మంచి సంవత్సరం!

ఆ వరసలోదే పాండిచ్చేరి నెహ్రూ వీధిలో వున్న కాఫీ హౌస్. లైఫ్ ఆఫ్ పై నవల చదివినవాళ్లకి గుర్తుండే వుంటుంది. యాన్ మార్టెల్ 2001లో రాసిన ఆ నవల ముందుమాటలో కథ దొరికే చోటు ఇదే.

పిన్నికి నవల తెలీదు. చోటు తెలుసు. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"మీ బాబాయి నన్ను పాండిచ్చేరి తీసుకొచ్చినప్పుడు కాఫీ ఇక్కణ్ణించే తెచ్చేవారు. నన్ను బీచి దగ్గర గాంధీగారి బొమ్మ కింద కూర్చోబెట్టి, ఫ్లాస్కు పట్టుకుని ఇంతదూరం నడిచొచ్చేవారు. ఓసారి నేనూ వస్తానన్నా. అక్కడంతా మొగాళ్లే వుంటారు, నీకెందుకన్నారు."

"ఎప్పటి మాట పిన్నీ?"

"మీ తమ్ముడు కడుపులో వున్నప్పుడు."

లోపలికి వెళ్లాం. తెల్లబట్టలు వేసుకున్న సర్వరు వచ్చాడు. పిన్ని చటుక్కున, "ఫేమిలీ రూమెటు బాబూ?" అంది. ఆయనకి తెలుగు రాదు గాని మాట అర్థమైంది. అలాంటిదేం లేదు, ఎక్కడైనా కూర్చోండమ్మా అని తమిళంలో చెప్పి, చేత్తో హాలంతా చూపించాడు. పిన్ని హాలంతా ఓసారి కలయజూసింది. కాలేజీ ఆడపిల్లలు ముగ్గురు ఆమ్లెట్లు తింటూ గట్టిగా నవ్వుతున్నారు. ఓ పెద్దావిడ ఒక్కతే కూర్చుని పేపరు చదువుతోంది. పిన్ని వెళ్లి నడిమధ్య వున్న బల్ల దగ్గర కూర్చుని, చేతిసంచీ ఒళ్లో కాకుండా పక్క కుర్చీలో పెట్టింది.

కాఫీ వచ్చింది. ఒక గుక్క తాగి, "ఇదేనా?" అంది.

"ఏం?"

"ఫ్లాస్కులోది ఇంకా బావుండేదే."

రుచి సంగతి నేనూ దాచను. పాండిచ్చేరిలో కెల్లా గొప్ప కాఫీ అది కాదు. కాస్త పల్చన. కాని రెండు కాఫీలు తాగి గంటన్నర కూర్చున్నాం. ఒక్కరూ బిల్లు బల్ల మీద పడేసి మావంక చూడలేదు. బాబాయి ముప్ఫై ఏళ్లలో ఎన్ని ఫ్లాస్కులు మోసి వుంటాడో ఆవిడ లెక్క వేసింది. ఆయన ఒక కాఫీ ఇక్కడ కూర్చుని తాగి, ఆ తరవాత ఫ్లాస్కు నింపించుకునేవాడని కూడా ఆ లెక్కలోనే తేలింది. "అందుకే అంత ఆలస్యమయ్యేది!" అంది. నవ్విందో, కోపమొచ్చిందో నాకు తెలియలేదు. ఆ మర్నాడే ఆఫీసులో ఆవిడ కాగితం మీద సంతకం పడింది. ఇరవై నిమిషాల పని!

బీచి ఒడ్డున ఇంకో కాఫీ చోటుంది. గూబేర్ అవెన్యూ మీద, సముద్రానికి ఎదురుగా, లె కేఫ్. ప్రభుత్వ పర్యాటక సంస్థది. ఒకప్పటి ఓడరేవు కచేరీ భవనం అంటారు. మేం తెల్లవారుఝామున వెళ్లాం. కాఫీ మామూలే. కాని ఆ వేళ నడకకొచ్చిన ఆడవాళ్లు బూట్లు విప్పుకుని మెట్లమీద కూర్చుని, సూర్యుడు పైకి వచ్చేదాకా కబుర్లాడుతున్నారు. ఆ కబుర్లు వినడానికైనా వెళ్లాలి.

సముద్రపు ఊరు అంటున్నాను గాని, ఇక్కడో విడ్డూరం వుంది. చాలా ఏళ్లు ఆ ఊరి బీచిలో ఇసకే లేదు. మన తూర్పు తీరం పొడుగునా కెరటాలు ఇసకని ఏటా దక్షిణం నించి ఉత్తరానికి మోసుకుపోతూ వుంటాయి. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన కొత్త హార్బరు కట్టి సముద్రంలోకి రాతిగట్లు వేసేసరికి ఇసక అక్కడే ఆగిపోయింది. ఊరి ముందున్నది కొట్టుకుపోయింది. మిగిలింది నల్లటి బండరాళ్ల వరస. పిన్ని పెళ్లైన కొత్తలో ఇసకలో నడిచానంటే నేను మొదట నమ్మలేదు. 2018లో నీళ్లలోపల కట్టడం ఒకటి దింపాక, సచివాలయం ముందు కొంత ఇసక మళ్లీ చేరింది. ఆవిడ ఆ ముక్క మీదకి వెళ్లి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చింది.

మరి మంచి కాఫీ ఎక్కడ అంటారా? చెప్తాను. కాలవకి ఇవతల, రంగపిళ్లై వీధికి దగ్గర్లో, సందులో ఓ చిన్న మెస్సు. బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయాయి. కుర్చీలు లేవు, చెక్కబల్ల దగ్గర నిలబడి తాగాలి. మేం వెళ్లేసరికి అంతా మగవాళ్లే. నేను వెనక్కి తిరగబోయాను. కాని పిన్ని అప్పటికే బల్ల దగ్గరకెళ్లి మోచెయ్యి ఆనించింది. ఇత్తడి డబరాలో గ్లాసు బోర్లించి తెచ్చాడాయన. నురగ విరగలేదు. చేదు, తీపి, పాల చిక్కదనం మూడూ విడివిడిగా తెలుస్తున్నాయి. ఉప్పదనం లేదు. బొత్తిగా లేదు!

పిన్ని రెండోది అడిగి, ఈ నీళ్లెక్కడివని వాకబు చేసింది. గల్లాపెట్టె దగ్గరాయన లోపలికి కేకేశాడు. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ ఆయన భార్య వచ్చింది. అరవై దాటి వుంటాయి. మా మాట విని, "మాది కూడా తెలుగే" అంది, తమిళపు యాసతో. తాతల నాడు వచ్చేశారట. వ్యాపారం పేరు ఆయనది, డికాక్షన్ ఆవిడది. మూడున్నరకి లేస్తుంది. డికాక్షన్‌కి మాత్రం కొన్న కేను నీళ్లే. ఊరి నీళ్లు గిన్నెలు తోమడానికి. పొద్దున్న తొమ్మిదింటి దాకా మొదటి డికాక్షన్ తప్ప రెండోది బల్ల మీదకి రానివ్వదు. ఆ తరవాత ఏం చేస్తావని అడిగాను. రెండో డికాక్షన్ ఎవరు తాగుతారని అడగబోయాను గాని, గట్టుమీద ఆవిడ సగం తాగి మూతపెట్టిన గ్లాసు కనిపించింది. అది కూడా చిక్కటిదే.

"చికోరీ ఎంత కలుపుతావమ్మా?" అంది పిన్ని.

"ఇక్కడైతే ఇరవై. మీ ఊళ్లో నీళ్లెలా వుంటాయి?"

"మాది గోదావరి."

"అయితే పది చాలు" అంది ఆవిడ, లోపల పాలు పొంగుతున్న చప్పుడికి వెనక్కి తిరుగుతూ.